సంఘం కార్యవర్గంలో చోటు కావాలి, ఎవర్ని ఎలా అడగాలి?

రాతిమీద_రాత | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఉండేది తిరుపతి. చరిత్రలో పీహెచ్‌డీ, వైవా (థీసిస్ మీద చివరి మౌఖిక పరీక్ష) అయి ఎనిమిది నెలలు. ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేస్తున్నాను, గంటల లెక్కన జీతం. థీసిస్ తిరుమల శాసనాల మీద. దేవుడికి సమర్పించిన రొక్కంతో దేవస్థానం ఊళ్లలో చెరువులు, కాలవలు తవ్వించి, పెరిగిన పంటలోంచి నైవేద్యాలు జరిపించిన లెక్కలు అవి.

విషయమేమిటంటే, మా రంగంలో ఒక సంఘం ఉంది. పేరు వద్దు. నాలుగేళ్లుగా అందులో జీవిత సభ్యురాలిని. ఏటా ఒక ఊళ్లో మూడు రోజుల సదస్సు, చివరి రోజు సాయంత్రం సర్వసభ్య సమావేశం, రెండేళ్లకోసారి కార్యవర్గం ఎన్నిక. ఈసారి సదస్సు మన తిరుపతిలోనే, ఎన్నికా ఈసారే. ఒక చోటుకు ప్రయత్నిద్దామని ఉంది. ఇప్పుడున్న పదిహేను మందిలో నలభై దాటనివాళ్లు ఒక్కరూ లేరు.

ఎవర్ని అడగాలి? కార్యదర్శిగారికి మెయిల్ పెట్టాలా, ఇంటికెళ్లి కలవాలా? నేరుగా నామినేషన్ వేస్తే పొగరనుకుంటారా? మా గైడుగారికి ఇంకా చెప్పలేదు. ఆయనకూ కార్యదర్శిగారికీ పడదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

పాకాల_జంక్షన్ | 9:58

ముందు శుభాకాంక్షలు డాక్టరమ్మా. అసలు మాటకొస్తే, ఎందుకీ తలనొప్పి? ఉద్యోగానికి పనికొస్తుందనుకుంటే మాత్రం ఇప్పుడే మానుకోండి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ వాళ్ల 2018 నిబంధనలు తీసి చూడండి. యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి ఇంటర్వ్యూ జాబితా తయారుచేసే పట్టికలో పీహెచ్‌డీకి 30 మార్కులు, పేపర్లకు మహా అయితే 10, పాఠాలు చెప్పిన అనుభవానికి 10, అవార్డులకు 3. సంఘంలో పదవికి సున్నా. ఆ రెండేళ్లలో రెండు మంచి పేపర్లు రాసుకోండి, నాలుగు మార్కులొస్తాయి.

మామిడి_తాండ్ర | 10:06

జంక్షన్ అన్నది నిజమే. 2010 నిబంధనల్లో మాత్రం ప్రమోషన్ మార్కుల రెండో కేటగిరీలో 'సంఘాల సభ్యత్వం' అనే మాట ఉండేది. ఆ రోజుల్లో ప్రమోషన్ ఫైలు కోసం సంఘాల్లో చేరినవాళ్లే ఇంకా కుర్చీల్లో ఉన్నారు, మా వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో కూడా. మార్కులు పోయినా అలవాటు పోలేదు.

కాణిపాకం_బస్సు | 10:11

గైడుగారికీ కార్యదర్శిగారికీ పడకపోతే ఇద్దర్నీ మా బస్సెక్కించండి. వినాయకుడి ముందు కోనేట్లో ముంచి ప్రమాణం చేయిస్తే సరి. రానూపోనూ టికెట్టు నాది.

గుత్తి_మేష్టారు | 10:45

అమ్మాయీ, నేను లెక్కల మేష్టారిని, రిటైరై చిత్తూరులో ఉంటున్నాను. పొగరనుకుంటారా అని అడిగావు కాబట్టి ఒక సంగతి చెప్తాను, మా ఊరి సంగతే.

ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పుట్టింది మద్రాసులోనో కలకత్తాలోనో కాదు, అనంతపురం జిల్లా గుత్తిలో, 1907లో. పెట్టినాయన వి. రామస్వామి అయ్యర్. ప్రొఫెసరు కూడా కాదు, గుత్తిలో డిప్యూటీ కలెక్టరు. లెక్కల పుస్తకాలు, పత్రికలు ఒక్కడికి కొనలేనంత ఖరీదు కాబట్టి అందరం చందా వేసుకుని తెప్పించుకుని, పోస్టులో ఒకరికొకరం పంపుకుందామని స్నేహితులకు ఉత్తరాలు రాశాడు. సంఘమంటే మొదట అంతే, పుస్తకాల మూట. అధ్యక్షుడిగా ఇంకొకరిని కూర్చోబెట్టి తను కార్యదర్శి పని పెట్టుకున్నాడు. తను అధ్యక్షుడయ్యేసరికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

1910లో ఆయన తిరుక్కోయిలూరులో ఉండగా ఒక కుర్రాడు నోటు పుస్తకాలు చంకలో పెట్టుకుని గుమాస్తా ఉద్యోగం అడగడానికి వచ్చాడు. అయ్యర్ ఆ పుస్తకాలు తిరగేసి, ఈ పిల్లవాడిని రెవెన్యూ ఆఫీసులో పడేయడం తప్పని, ఉత్తరాలిచ్చి మద్రాసు పంపాడు. ఆ కుర్రాడు రామానుజన్. అతని మొదటి పేపరు మరుసటేడు, 1911లో, ఈ సంఘం పత్రికలోనే అచ్చయింది.

ఇంతకీ నా ప్రశ్న. నీకు చోటు కావాలి, సరే. దేనికి? అది చెబితే మిగతాది మాట్లాడుకుందాం.

రాతిమీద_రాత | సోమవారం, ఉదయం 6:20

మేష్టారూ, రాత్రంతా ఆ 'దేనికి' దగ్గరే ఆగిపోయాను. నిజం చెప్తాను.

పోయినసారి సదస్సు వేరే జిల్లాలో జరిగింది. మా పేపర్లు రెండో రోజు భోజనాల తర్వాత పెట్టారు. ఒకే గదిలో ఇరవై ఆరు పేపర్లు, పేరుకే మనిషికి ఐదు నిమిషాలు. సెషన్ అధ్యక్షుల ముందు చిన్న ఇత్తడి గంట, పూజగదిలో వాడేలాంటిది. నా ముందు చదివిన అబ్బాయి కుప్పం నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. శీర్షిక, 'ఈ పత్రంలో నేను' అనే మూడు మాటలు, గంట. అతను నవ్వి కాగితాలు మడిచేసుకున్నాడు. ప్రశ్నలు లేవు. ఐదింటికి సర్టిఫికెట్లు పంచారు, ఆరింటికి గది ఖాళీ.

ఆడవాళ్లకు బస ఊరి బయట ఒక హాస్టల్లో. తిరుగు వ్యాను రాత్రి పదిన్నరదాకా రాలేదు. ఏడుగురం గేటు దగ్గర నిలబడ్డాం. అందులో ఒకామె ఆరు నెలల గర్భిణి. కార్యవర్గంలో ఒకాయనకు ఫోన్ చేస్తే, 'అది స్థానిక కార్యదర్శి చూసుకోవాలమ్మా' అన్నారు. స్థానిక కార్యదర్శికి చేస్తే, 'రవాణా కమిటీ వేరే' అన్నారు.

నాకు కావాల్సింది ఈ రెండే. పేపరుకి కనీసం పన్నెండు నిమిషాలు, ఆడవాళ్లకు సదస్సు దగ్గర్లో బస. రెండూ కార్యవర్గంలో తీర్మానం అయితేనే జరుగుతాయి. బయటినుంచి రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు లేదు.

ఎర్రచందనం_నీడ | 7:15

ఇప్పుడు విషయం దారిలో పడింది. నేను వృక్షశాస్త్రం, శేషాచలం మొక్కల మీద పని. ఒక సంఘంలో నాలుగేళ్లు సంయుక్త కార్యదర్శిగా చేసి బయటికొచ్చాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొట్టమొదట నిబంధనావళి సంపాదించండి. బైలాస్ చదవకుండా ఎవరింటికీ వెళ్లొద్దు. కార్యదర్శిగారు ఇవ్వకపోతే కంగారు పడక్కర్లేదు. సంఘం మన రాష్ట్రంలో రిజిస్టరైనదైతే 2001 సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాని కాగితాలుంటాయి, రుసుము కట్టి నకలు అడగొచ్చు. అందులో నాలుగు విషయాలు వెతకండి. పోటీకి ఎన్నేళ్ల సభ్యత్వం ఉండాలి, ప్రతిపాదించేవాళ్లు, బలపరిచేవాళ్లు ఎంతమంది, నామినేషన్ ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, ఓటర్ల జాబితా ఎప్పుడు పెడతారు. మా సంఘంలో ఏళ్ల తరబడి 'ఏకగ్రీవం' ఎందుకయ్యేదో తెలుసా? నామినేషన్ గడువు సమావేశానికి ఇరవై ఒక్క రోజుల ముందని ఎవరూ చదవలేదు. చేతులెత్తే రోజుకి అంతా అయిపోయి ఉండేది.

రెండోది, మీ జీవిత సభ్యత్వం రసీదు. ఉందా? మెయిల్ కాదు, రసీదు. నాకు ఓటు హక్కు లేదన్నారు, ఎందుకంటే డబ్బు తీసుకున్నాయన రిజిస్టరులో ఎక్కించలేదు. అల్మరా అంతా గాలిస్తే పాత సదస్సు సంచీలో, భోజనం కూపన్ల మధ్య దొరికింది. నీలం కార్బన్ వెలిసిపోయి నంబరు మాత్రం కనబడుతోంది. ఆ కాగితం ముక్కే నన్ను నిలబెట్టింది.

మూడోది ముఖ్యం. మీరు పోటీ చేస్తారని తెలియగానే ఏదో ఒకటి ఇస్తామంటారు. 'ప్రత్యేక ఆహ్వానితురాలు' అనో, 'యువజన సమన్వయకర్త' అనో. దానికి ఓటుందా అని ఒక్క ప్రశ్న అడగండి. నాకు మొదటి రెండేళ్లు అలాంటి పదవే ఇచ్చారు. మీటింగులకి పిలిచేవాళ్లు, మినిట్స్ రాయించుకునేవాళ్లు. చేతులెత్తే సమయానికి 'ఆహ్వానితులు కాస్త బయట కూర్చోండి' అనేవాళ్లు. నేను రాసిన మినిట్స్‌లోనే నా పేరు లేదు.

పాకాల_జంక్షన్ | 7:32

సరే, నా సున్నా మార్కుల మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ గేటు దగ్గర ఏడుగురి సంగతి ముందే రాసుంటే అలా అనేవాణ్ణి కాదు.

గాదంకి_గాలి | 8:50

వాతావరణ శాస్త్రం మాది, రాడార్లతో పని. పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకి, బయట దేశానికెళ్లి వచ్చాను. అక్కడ చూసింది చెప్తాను, పోలికకు.

యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్‌లో ప్రతి విభాగానికీ 'తొలి దశ శాస్త్రవేత్తల ప్రతినిధి' అని ఒకరుంటారు. విద్యార్థులతో పాటు, చివరి డిగ్రీ వచ్చి ఏడేళ్లు దాటనివాళ్లందరూ ఆ లెక్కలోకే వస్తారు. నేను ఉత్తినే చెయ్యెత్తాను, ఇచ్చేశారు. మొదటి ఏడాది నేను చేసిన పని? కొత్తగా వచ్చినవాళ్లకి పెద్దవాళ్లను పరిచయం చేసే ఒక సాయంత్రం, బ్లాగుకి మూడు వ్యాసాలు, బోలెడు మెయిళ్లు. గొప్పేం కాదు. కానీ ఆ చోటు నియమాల్లోనే ఉంది కాబట్టి ఎవరి దయా అక్కర్లేకపోయింది.

మీ సంఘంలో అలాంటి చోటే లేదు. కాబట్టి మీరొక్కరు గెలవడం కంటే, పీహెచ్‌డీ అయి ఏడేళ్లలోపు వాళ్లకు ఓటుతో ఒక చోటు ఉండాలని బైలాస్ సవరణ పెట్టడం మేలేమో. మీ తర్వాత వచ్చేవాళ్లకి ఈ గొడవ ఉండదు.

ఎర్రచందనం_నీడ | 9:05

గాలిగారూ, బైలాస్ సవరణ అంటే మన దగ్గర ప్రత్యేక నోటీసు, ఎక్కువమంది మద్దతు, ఆపైన రిజిస్ట్రార్ దగ్గర దాఖలు. బయట నిలబడి పెడితే అజెండాలోకే రాదు. ముందు లోపలికి వెళ్లనివ్వండి.

మోడరేటర్ | మధ్యాహ్నం 1:10

ఈ చర్చలో ఒక ప్రకటన తీసేశాను. 'యంగ్ రీసెర్చర్ అవార్డు, ఫెలో బిరుదు, అంతర్జాతీయ సంఘంలో ఎడిటోరియల్ బోర్డు సభ్యత్వం, అన్నీ కలిపి రూ. 4,999' అట. దయచేసి ఇలాంటివి పెట్టకండి. కొత్త సభ్యులకు ఒక మాట. మీ పేపరు ఒక్కటీ చదవకుండా మిమ్మల్ని ఎడిటర్ని చేస్తామనే మెయిల్ వస్తే ఆ పని అసలు పనే కాదు.

మామిడి_తాండ్ర | 1:25

అయ్యో, నేను పోయినేడు కట్టేశాను. షీల్డు వచ్చింది. పేరు తప్పు. ఇప్పుడు అత్తగారు దాన్ని ఊరగాయ జాడీ మీద మూతగా వాడుతున్నారు, సరిగ్గా సరిపోయింది.

రాతిమీద_రాత | మంగళవారం, రాత్రి 10:30

రసీదు దొరికింది! పిన్ను తుప్పు పట్టింది, నంబరు ఉంది. బైలాస్ ఒక పాత సభ్యుడి దగ్గర దొరికాయి, జిరాక్సుకి జిరాక్సు. పోటీకి మూడేళ్ల సభ్యత్వం చాలు. ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఇద్దరు. గడువు సమావేశానికి పదిహేను రోజుల ముందు. ఓటర్ల జాబితా అంతకు వారం ముందు.

కార్యదర్శిగారికి పంపడానికి ఒక ఉత్తరం రాశాను. చూసి చెప్పండి:

'పరమ గౌరవనీయులు, విద్వద్వరేణ్యులు అయిన కార్యదర్శిగారి దివ్యసముఖమునకు అనేక నమస్కృతులతో వ్రాసుకొను విన్నపము. అల్పజ్ఞురాలనైన నేను తమవంటి మహామహుల నీడలో ఎదుగుచు, తమ అమూల్య ఆశీస్సులతో మన సంఘమునకు ఉడుతాభక్తిగా సేవ చేయు భాగ్యము కలుగజేయవలసినదిగా ప్రార్థించుచున్నాను. నా బయోడేటా (11 పుటలు) జతపరచడమైనది.'

కాణిపాకం_బస్సు | 10:34

ఇది ఉత్తరమా శాసనమా? 'స్వస్తిశ్రీ జయాభ్యుదయ శాలివాహన శక వర్షంబులు' ఒక్కటే తక్కువ. చివర్లో దీనికి విఘ్నం చేసినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని కూడా చెక్కించండి.

రాతిమీద_రాత | 10:36

😂 శాసనాలు చదివీ చదివీ చెయ్యి అలా అలవాటు పడింది.

గుత్తి_మేష్టారు | 11:02

నవ్వులాట అలా ఉంచి, అమ్మాయీ, ఈ ఉత్తరంలో నువ్వేం చేస్తావో ఒక్క ముక్క లేదు. ఆయన చదివి 'పిల్ల వినయం గలది' అనుకుని పక్కన పెట్టేస్తాడు. 'సేవ' అన్నమాట కొట్టెయ్. సేవ అంటే ఏ పనైనా చెప్పొచ్చని అర్థం, రేపు నిన్ను టిఫిన్ల కమిటీలో వేస్తారు. నువ్వు ఇప్పటికే చేసి పెట్టినది ఏదైనా ఉందా, సంఘానికి పనికొచ్చేది?

రాతిమీద_రాత | 11:20

ఒకటుంది. థీసిస్ కోసం సంఘం సదస్సు సంపుటాలన్నీ తిరగేయాల్సి వచ్చింది. ఏ సంపుటిలోనూ విషయసూచి సరిగ్గా లేదు. విసుగొచ్చి ఎక్సెల్‌లో ఎక్కించడం మొదలుపెట్టాను. రచయిత, శీర్షిక, ఊరు, కాలం, శాసనం నంబరు. ఇరవై రెండు సంపుటాలు అయ్యాయి, ఇంకా తొమ్మిదున్నాయి. 'చంద్రగిరి' అని కొడితే చంద్రగిరి మీద ఇన్నేళ్లలో వచ్చిన పేపర్లన్నీ వస్తాయి. ఎవరికీ చెప్పలేదు, నా గోలేదో నాది అని.

గుత్తి_మేష్టారు | 11:24

చూశావా. పుస్తకాల మూట నీ దగ్గరే ఉంది.

పాకాల_జంక్షన్ | 11:31

ఆగండాగండి. ఆ ఫైలు ఇప్పుడే చేతికివ్వకండి. ఇచ్చిన మర్నాడు వెబ్‌సైటులో 'సంపాదకవర్గం రూపొందించినది' అని కనబడుతుంది. నాకు జరిగింది. ఒక సదస్సుకి రెండు వందల సారాంశాల ప్రూఫులు దిద్దాను. పుస్తకంలో కృతజ్ఞతలు క్యాటరింగ్ వాళ్లకున్నాయి, నాకు లేవు.

గాదంకి_గాలి | 11:40

నాకిది నచ్చలేదు. దాచుకుని కూర్చునే పద్ధతి మీదేగా మన కోపం? పేరు పెట్టి, తేదీ వేసి, అందరికీ తెరిచి పెట్టేస్తే సరిపోయె. ఎవరు ఎత్తుకుపోయినా ముందు ఎవరు చేశారో కనబడుతుంది.

ఎర్రచందనం_నీడ | బుధవారం, ఉదయం 6:50

రెండూ కాదు. రెండు సంపుటాల నమూనా పంపండి, ప్రతి పేజీ కింద మీ పేరుతో. మిగతాది ఉందని చెప్పండి. ఉత్తరం ఇలా కుదించాను, మీ మాటల్లోకి మార్చుకోండి:

'కార్యదర్శిగారికి నమస్కారం. నేను సంఘం జీవిత సభ్యురాలిని, రసీదు నంబరు ఫలానా. రాబోయే సర్వసభ్య సమావేశంలో కార్యవర్గ సభ్యత్వానికి పోటీ చేయాలనుకుంటున్నాను. నామినేషన్ పత్రం, ఓటర్ల జాబితా ఎప్పుడు ఎక్కడ దొరుకుతాయో తెలపగలరు. ఎన్నికైతే రెండు పనుల మీద దృష్టి పెడతాను: యువ పరిశోధకుల పత్రాలకు తగిన సమయం, మహిళా ప్రతినిధులకు సదస్సు దగ్గర్లో బస. మన సంపుటాలకు నేను తయారుచేస్తున్న విషయసూచిలో రెండు సంపుటాల భాగం జతచేస్తున్నాను. మీకు వీలైన రోజు వచ్చి కలుస్తాను.'

బయోడేటా వద్దు. అడిగితే ఒక పేజీ.

ఇంకొకటి. పంపేముందు మీ గైడుగారి దగ్గరికెళ్లండి. ఈ కబురు ఆయనకు వేరేవాళ్ల నోటి నుంచి వినబడకూడదు. ఏ పక్షమైనా సరే, ఆయన చెయ్యి పట్టుకుని రాయడం నేర్పిన మనిషి.

రాతిమీద_రాత | శుక్రవారం, రాత్రి 9:15

నిన్న సాయంత్రం గైడుగారింటికి వెళ్లాను. అమ్మగారు కాఫీ ఇచ్చి లోపలికెళ్లారు. చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. బీరువాలోంచి దేవస్థానం వాళ్లు 1930ల్లో అచ్చేసిన శాసన సంపుటాల్లో ఒకటి తీసి, దేవస్థానం శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పేరున్న పేజీ దగ్గర ఆగి, మళ్లీ మూసేశారు. ఏదో చెప్పబోయి మానేసినట్టనిపించింది.

తర్వాత అన్నారు: 'నేను బలపరిస్తే నీకు ఓట్లు తగ్గుతాయి. నా పేరు ఎక్కడా పెట్టకు. ఆయన దగ్గరికి పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నం నిద్రపోతాడు. నిద్ర చెడితే మనిషి కాడు. నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు.' పడదన్నమాటే గానీ ఆయన నిద్ర వేళలు కూడా గుర్తున్నాయి!

ఉత్తరం పంపేశాను, నీడగారి రూపంలోనే.

కాణిపాకం_బస్సు | 9:20

అయితే ప్రమాణం టికెట్లు క్యాన్సిల్. డబ్బు వాపసు లేదు.

రాతిమీద_రాత | తర్వాతి గురువారం, ఉదయం 11:45

కార్యదర్శిగారు పిలిచారు. పొద్దున ఏడున్నరకే వెళ్లాను. మనిషి నేననుకున్నట్టు లేరు, చాలా మర్యాదగా మాట్లాడారు. విషయసూచి కాగితాలు ప్రింటు తీయించి పెట్టుకున్నారు, మార్జిన్లో పెన్సిలుతో రెండు తప్పులు కూడా దిద్దారు (రెండూ నిజంగా తప్పులే). తర్వాత నీడగారు చెప్పినట్టే జరిగింది. 'ఎన్నికలూ గట్రా ఎందుకమ్మా, చిన్నపిల్లవి, నిన్ను ప్రత్యేక ఆహ్వానితురాలిగా తీసుకుంటాం. సూచి పూర్తిచెయ్, సదస్సులో ఆవిష్కరిద్దాం' అన్నారు.

ఓటుంటుందా అండీ అని అడిగాను. నవ్వారు. 'ఆహ్వానితులకి ఓటెక్కడిది?' అన్నారు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను. ఇప్పుడేం చేయాలి? ఆయన మర్యాదగా ఉన్నారు కాబట్టి కాదనడానికి ఇబ్బందిగా ఉంది.

మామిడి_తాండ్ర | 11:58

నా మాట వినండి, తీసుకోండి. మొదటి మెట్టు అదే. కాదంటే శత్రుత్వం. తిరుపతి చిన్న ఊరు. రేపు ఏ సెలక్షన్ కమిటీలో ఎవరు కూర్చుంటారో తెలియదు. మా దగ్గర పోటీ చేసినమ్మాయికి తర్వాత రెండేళ్లు ఒక్క సెమినార్‌కీ పిలుపు లేదు. మీది ఇంకా గంటల లెక్క ఉద్యోగం.

ఎర్రచందనం_నీడ | 12:20

తాండ్రగారి భయం ఉత్త భయం కాదు. కానీ ఆ వ్యాను తొందరగా రావాలంటే ఓటు కావాలి. బయట కూర్చోమంటే గేటు దగ్గర నిలబడ్డట్టే కదా.

గుత్తి_మేష్టారు | 12:41

అతను చెడ్డవాడు కాడమ్మా, పెన్సిలుతో దిద్దాడంటే చదివాడు. నువ్వు కాదనక్కర్లేదు. 'మీరు ఇస్తానన్నందుకు సంతోషం, సూచి ఎలాగూ పూర్తిచేస్తాను, నామినేషన్ కూడా వేస్తాను, ఓడిపోతే ఆహ్వానితురాలిగా వస్తాను' అను. సూచిని బేరంలో పెట్టకు. పెడితే చిన్నదైపోతావు.

గాదంకి_గాలి | 12:50

మేష్టారూ, 'ఓడిపోతే వస్తాను' అన్నది ముందే చెప్పేస్తే ఓడించడం వాళ్లకి సులువైపోదా? ఆ ముక్క వదిలేస్తే మంచిది.

గుత్తి_మేష్టారు | 12:53

అవును. ఆ ముక్క కొట్టెయ్.

రాతిమీద_రాత | ఆదివారం, రాత్రి 8:05

చెప్పేశాను, ఫోన్‌లోనే. పొద్దున్నే చేశాను. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత 'సరే, ఫారం ఆఫీసులో ఉంటుంది' అన్నారు. గొంతు మారింది, అది తెలిసింది. సూచి ఇంకా ఏడు సంపుటాలున్నాయి, పంపుతూనే ఉంటానన్నాను. 'మంచిది' అన్నారు.

ప్రతిపాదించడానికి కడప నుంచి ఒక మేడమ్ ఒప్పుకున్నారు. బలపరిచేవాళ్లలో ఒకరు, నమ్మరు, ఆ కుప్పం అబ్బాయి. అతనికీ మూడేళ్ల సభ్యత్వం ఉందట. ఇంకొకరు కావాలి. గేటు దగ్గర ఉన్న ఆమెని అడిగాను. పాపకి ఇప్పుడు నాలుగు నెలలు. ఇంట్లో అడిగి చెప్తానంది.

మామిడి తాండ్రగారూ, మీరన్న భయం నాకూ ఉంది. రాత్రి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. అయినా ఫారం తెచ్చుకున్నాను.

మామిడి_తాండ్ర | 8:20

సరే తల్లీ, వెయ్యండి. మా డిపార్ట్‌మెంటులో మీ సంఘం సభ్యులు ఇద్దరున్నారు, ఆర్థిక చరిత్ర వాళ్లు. నేను మాట్లాడతా. నా పేరు మాత్రం బయటికి రానివ్వొద్దు.

రాతిమీద_రాత | తర్వాతి బుధవారం, సాయంత్రం 5:30

ఓటర్ల జాబితా పెట్టారు, ఆఫీసు తలుపుకి నాలుగు కాగితాలు అంటించి. నా పేరుంది. వరుస సంఖ్య 212. ఇనీషియల్ మాత్రం తప్పు, 'కె' బదులు 'జె'. ఇంటిపేరు చూస్తే నేను కాదు, ఇంకెవరో. రసీదులో సరిగ్గానే ఉంది. అభ్యంతరాలకు గడువు శనివారం మధ్యాహ్నం పన్నెండు. రెండో బలపరిచేవాళ్లు కూడా దొరికారు, పాప వాళ్లమ్మే. సంతకం చేసి ఫోటో పంపింది, అసలు కాగితం శుక్రవారం బస్సులో ఇచ్చి పంపుతానంది.

ఎర్రచందనం_నీడ | 5:38

ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. అభ్యంతరం రాతలో ఇవ్వండి, రెండు కాపీలు. ఒకదాని మీద 'అందినది' అని సంతకం, తేదీ, సంఘం స్టాంపు వేయించుకోండి. అసలు రసీదు చేతిలోంచి వదలకండి, జిరాక్సే ఇవ్వండి. ఒక్కరే వెళ్లొద్దు.

పాకాల_జంక్షన్ | 5:41

నేనొస్తా. శనివారం నాకు క్లాసుల్లేవు. పొద్దున తొమ్మిదిన్నరకి బాలాజీ కాలనీ సర్కిల్ దగ్గర ఉంటా, నీలం హెల్మెట్. స్టాంపు ప్యాడు ఎండిపోయిందంటారు, అందుకని ఇంకు సీసా కూడా తెస్తున్నా.